పసరు మందుకు పరీక్ష ఎందుకు?



చేలో కొడవలి తెగుతుంది. కంపెనీలో రేకు కోసుకుంటుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? గట్టు మీది పలకాకు తెంపుతాం. అరచేతిలో నలిపి పసరు పిండుతాం. పిల్లలు పలకలు తుడిచేది ఈ ఆకుతోనే. దీన్నే గడ్డిచామంతి అంటారు. నల్లాలం అని కూడా అంటారు. ఆకు దొరకకుంటే ఇంట్లో పసుపు అద్దుతాం.

"పసరు పిండినం, పుండు మానింది" అంటాం. మానిన మాట నిజమే. కానీ పసరు వల్లనే మానిందా? చిన్న గాయం ఏ మందూ వేయకున్నా మానుతుంది. మన ఒంటికి ఆ శక్తి ఉంది. మరి తేడా తెలిసేది ఎట్లా? అందుకే పరీక్ష.

పరీక్ష ఎట్లా చేస్తారు? ముందు మొక్కను సరిగ్గా గుర్తిస్తారు. ఒకే ఆకుకు ఊరికో పేరు ఉంటుంది కదా! తర్వాత ఆకును కడిగి, ఆరబెట్టి, పొడి చేస్తారు. నీళ్లలోనో ఆల్కహాలులోనో నానబెట్టి వడగడతారు. ఆ సారాన్ని తూకం ప్రకారం లేపనంలో కలుపుతారు. ఎలుకలకు మత్తు ఇచ్చి, అన్నింటికీ ఒకే కొలత గాయం చేస్తారు. ఒక గుంపుకు సారం కలిపిన లేపనం పూస్తారు. ఇంకో గుంపుకు ఉత్త లేపనం. మరో గుంపుకు దవాఖానాలో వాడే మందు. గాయం ఏ రోజు ఎంత తగ్గిందో కొలిచి రాస్తారు. ఉత్త లేపనం కంటే త్వరగా మానితేనే ఆకులో గుణం ఉన్నట్టు లెక్క.

పలకాకు మీద మన దేశంలో 1980ల నుంచి ఇట్లాంటి పరీక్షలు జరిగాయి. ఎలుకల గాయాలు మానడానికి తోడ్పడినట్టు కొన్నింటిలో తేలింది. అంటే మన అవ్వలది ఉత్త మాట కాదు. అయితే ఎలుకకు పనిచేసిందని మనిషికీ పనిచేస్తుందని చెప్పలేం. అది మళ్లీ వేరే పరీక్ష.

ఇంకో సంగతి. పరీక్షలో ఆకు కడిగినది. గట్టు మీది ఆకుకు మట్టి, పేడ అంటి ఉంటాయి. వాటిలో ధనుర్వాతం తెచ్చే క్రిములు ఉంటాయి. పైగా మనది పటాన్‌చెరు ప్రాంతం. ఇక్కడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో మందుల అవశేషాలు చాలా ఎక్కువగా ఉన్నాయని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆకు మంచిదే కావచ్చు. అది తాగిన నీళ్లు ఎట్లాంటివి?

ఇక పసుపు కథ వినండి. 1995లో అమెరికాలో, గాయాలకు పసుపు వాడే పద్ధతి మీద మిసిసిపీ విశ్వవిద్యాలయం వారికి పేటెంటు ఇచ్చారు. పేటెంటు అంటే "ఇది మేము కొత్తగా కనిపెట్టాం, మాదే హక్కు" అని. మన అవ్వల పసుపు వాళ్లకు కొత్తదట! మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో దీనికి అడ్డు చెప్పింది. పాత గ్రంథాలు తీసి చూపింది. 1953లో వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసమూ చూపింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. చూశారా! "మా అవ్వ చెప్పింది" అంటే సరిపోలేదు. రాసి ఉన్నది చూపితేనే గెలిచాం.

కాబట్టి రెండు పనులు చేద్దాం.

ఒకటి, దెబ్బ తగిలితే మంచినీళ్లతో, సబ్బుతో కడగండి. శుభ్రమైన బట్ట కట్టండి. దవాఖానాకు పోయి ధనుర్వాతం సూది సంగతి అడగండి. యాసిడ్ పడితే కనీసం 20 నిమిషాలు నీళ్లు ధారగా పోసి, వెంటనే డాక్టరు దగ్గరికి పోండి. కాలిన చోట, లోతు గాయంలో పసరు పిండకండి.

రెండు, మీకిప్పుడు రాయడం వచ్చు. మీ ఊరి పెద్దలను అడిగి నోటుబుక్కులో రాయండి. ఏ ఆకు? ఎక్కడ మొలుస్తుంది? దేనికి, ఎట్లా వాడేవారు? వాడితే ఏమైంది? మేలు జరిగింది రాయండి. చెడు జరిగితే అదీ రాయండి. పరీక్ష చేసేవారికి మొదట కావలసింది ఆ రాతే.