ఓజోను పొర – లెక్కలోని లోటు



గ్రహణము ఏ దినమున, ఏ ఘడియకు పట్టునో పంచాంగకర్తలు ముందుగనే గణించి చెప్పుదురు. ఆ దినము రాగా లెక్క నిలిచినదో లేదో ఊరెల్ల చూచును. వాయుమండలమును గూర్చిన లెక్కలకును ఇదియే పరీక్ష.

భూమికి సుమారు 15 మొదలు 35 కిలోమీటర్ల యెత్తున ఓజోను అను వాయువు పలుచగా వ్యాపించి, కంటికిని చర్మమునకును పైరులకును కీడుచేయు సూర్యకిరణములను అడ్డగించుచున్నది. రిఫ్రిజిరేటరులలోను, పిచికారీ డబ్బాలలోను వాడుచుండిన క్లోరోఫ్లోరోకార్బనులు మీదికి పోయి, ఎండకు విచ్చి, క్లోరినును విడుచుననియు, ఆ క్లోరిను ఓజోనును హరించుననియు 1974లో మొలీనా, రోలాండ్ అను రసాయన శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి.

ఇట్టి మార్పులను గణించుటకు శాస్త్రజ్ఞులు కంప్యూటరులలో నమూనాలను నిర్మింతురు. ఆకాశమును గళ్లుగా విభజించి, ఏ గడిలో ఎంత వేడి గలదో, ఏ వాయువు దేనితో కలిసి దేనిగా మారునో, ఎంత ప్రక్క గడికి పోవునో జమాఖర్చువలె వ్రాసికొనుచు యంత్రము రాబోవు కాలమునకు లెక్క తేల్చును. ఓజోను నూటికి కొన్ని పాళ్లు మాత్రమే, అదియు పెక్కు దశాబ్దములకు, తగ్గునని నాటి లెక్కలు చెప్పెను.

అంతలో 1985లో బ్రిటిషు శాస్త్రజ్ఞులు దక్షిణధ్రువ ఖండములోని హ్యాలీ స్థావరమున తీసిన కొలతలను ప్రకటించిరి. అచటి వసంతమున, అనగా అక్టోబరు మాసమున, ఓజోను మూడవవంతుకు పైగా తగ్గియుండెను! ఏ నమూనాయు దీనిని ముందు చెప్పలేదు. కూడికలో తప్పు లేదు. ఒక పద్దు పుస్తకమునకు ఎక్కలేదు. ధ్రువప్రాంతపు దీర్ఘరాత్రియందు మిక్కిలి యెత్తున మంచుమేఘము లేర్పడును. ఆ మంచురేణువులపై క్లోరిను మేల్కొని ఓజోనును వేగముగా హరించునని 1986లో సుసాన్ సాలమన్ మున్నగువారు సూచించిరి. మరుసటి యేడు విమానములలో పరికరములను పంపి కొలువగా క్లోరినే కారణమని తేలెను. ఆ పద్దు చేర్చినపిమ్మట నమూనాలు ఆకాశముతో సరిపడసాగెను.

ఈ కొలతలు పూర్తిగా పరిశీలింపబడక మునుపే, 1987 సెప్టెంబరులో పలుదేశములవారు మాంట్రియల్ నగరమున ఆ వాయువులను తగ్గింప ఒడంబడిక చేసికొనిరి. 1992లో భారతదేశమును చేరినది. ఈ ఒడంబడిక లేనిచో 2065 నాటికి లోకమందలి ఓజోనులో మూడింట రెండువంతులు నశించియుండునని 2009లో ఒక నమూనా తేల్చినది. ఒడంబడిక నిలిచినచో దక్షిణధ్రువముపై ఓజోను సుమారు 2066 నాటికి 1980 నాటి స్థితికి రాగలదని 2022 నాటి అంతర్జాతీయ నివేదిక తెలుపుచున్నది.

బొగ్గుపులుసు గాలివలన భూమి వేడెక్కుటను గూర్చిన లెక్కలును ఇట్టి యంత్రములు చేయునవియే. వానిలో లోటు గలదు గనుక భయము లేదని కొందరందురు. లోటు ఎల్లప్పుడును మనకు మేలువైపే యుండదని ఓజోను కథ చెప్పుచున్నది. లెక్కను కొలతతో సరిచూచుచు, తెలిసినంతమట్టునకు జాగ్రత్తపడుట వివేకుల లక్షణము.