హానిబాలు విమానము

మనుమఁడు తెచ్చియిచ్చిన ప్లాస్టికు ముక్కలతో అమలాపురమున నా యింట నొక విమానపు బొమ్మను గట్టితిని. అది ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌వారి కొఱకు హ్యాండ్లీ పేజ్‌వారు నిర్మించిన హెచ్.పి. 42. రెండంతస్తుల ఱెక్కలు, నాలుగింజనులు గల ప్రయాణికుల విమానము. నిజవిమానపు ఱెక్కల వెడల్పు 130 అడుగులు. 144వ వంతున బొమ్మకది జానెడు మీఁద రెండంగుళములైనది.

ఈ విమానపు ఱెక్కల నడుమ బిగింపు తీఁగలు లేవు. పెంకుటింటి కప్పువలె త్రికోణములుగా నమర్చిన కమ్ములే దానికి బలము. పెట్టెలోని కమ్ములు నా కంటికి లావుగాఁ దోఁచినవి. వానిని విడిచి, కొబ్బరియీనెలను సన్నముగాఁ జెక్కి యంటించితిని. మొదటిసారి పైఱెక్క యొకప్రక్కకు వాలినది. తొందరపాటు నాదే. ఊడఁదీసి మరల నంటించి, జిగురాఱు వఱకు రెండు నిఘంటువులను క్రింద నాసరాగాఁ బెట్టితిని. ఆ గ్రంథములు నాకీ విధముగాఁ గూడ నుపకరించునని యెన్నఁడు ననుకొనలేదు.

పెట్టెమీఁది పేరు హెరాక్లీసు. నేను మాత్రము ముక్కుమీఁద హానిబాలని వ్రాసితిని. 1940 మార్చి 1వ తేదీన ఆ హానిబాలు ఒమాను సింధుశాఖపై నెనమండుగురితో నదృశ్యమైనది. వారిలో సర్ ఎ. టి. పన్నీర్‌సెల్వముగా రొకరు. 1937లో కూర్మా వెంకటరెడ్డినాయుడుగారి మదరాసు మంత్రివర్గమున నుండినవారు. మన కోనసీమ యప్పుడు మదరాసు రాజధానిలోనిదే.

నిర్మించిన యెనిమిది విమానములలో నేఁడొక్కటియు మిగులలేదు. "ఇది యెక్కడ నున్నది తాతా?" యని పిల్లలడిగినపుడు బల్లమీఁది బొమ్మనే చూపుచున్నాను.