హరివిల్లు పుట్టు విధము



తొలకరి చినుకుల వెంట ఆకసమున హరివిల్లు పొడసూపినచో, పనిలో నున్న రైతు సైతము ఒక క్షణము తలయెత్తి చూడక మానడు. దానిని ఇంద్రధనుస్సనియు, హరివిల్లనియు, తెలంగాణమున సింగిడి యనియు పిలుచుచున్నారు. పేళ్లు పెక్కులు, అది ఎట్లు పుట్టుచున్నదను ప్రశ్న యొక్కటే.

ఈ ప్రశ్న మన పూర్వులకు కొత్తది గాదు. క్రీ.శ. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇంద్రాయుధమును గూర్చి ఒక అధ్యాయమునే వ్రాసెను. సూర్యుని పలువన్నెల కిరణములు గాలిచే చెదరి, మబ్బుపట్టిన ఆకసమున విల్లువలె కనబడునని ఆయన తెలిపెను. అనంతుని వంశమునకు చెందిన నాగుల నిట్టూర్పులవలన అది పుట్టునని కొందరందురని కూడ అచ్చటనే చెప్పెను. వన్నెలు సూర్యకిరణములలోనివే యన్న మాట నేటికిని నిలిచినది. గాలి యన్న మాట నిలువలేదు. ఈ రెంటిని వేరుపఱచినది పరీక్ష.

మేఘమునుండి రాలు చినుకును చేతబట్టి చూచుట అలవి గాదు. కావున 14వ శతాబ్దపు తొలినాళ్లలో పారశీకదేశమున కమాలుద్దీన్ ఫారిసీయు, జర్మనీదేశమున ఫ్రైబర్గు థియొడోరిక్కను క్రైస్తవ సన్యాసియు, ఒకరి నొకరు ఎరుగకయే, నీరు నింపిన గాజుగోళమును పెద్ద చినుకుగా భావించి, దానిలో వెలుగు నడచు త్రోవను కనిపెట్టిరి.

ఆ త్రోవ యిది. ఎండ చినుకులోనికి ప్రవేశించునపుడు కొంత వంగును. దీనికి వక్రీభవనమని పేరు. పిమ్మట చినుకు వెనుకభాగమునకు తగిలి, అద్దమునుండి వలె కొంత వెనుకకు మరలును. ఇది పరావర్తనము. వెలుపలికి వచ్చునపుడు తిరిగి వంగును. అన్ని వన్నెలును సమముగ వంగవు. ఎఱుపు తక్కువగను, ఊదా ఎక్కువగను వంగును. తెల్లని ఎండలో ఈ వన్నెలన్నియు కలిసియున్నవని న్యూటను గాజుపట్టకముతో నిరూపించి 1672లో ప్రకటించెను.

అయితే చినుకుపై పడు కిరణములు అనేకములు. అవి మరలి వచ్చు కోణములును అనేకములు. మరి వెలుగు ఒక్క వరుసలోనే ఏల దట్టమగును? ఫ్రాన్సుదేశీయుడగు దెకార్తు దీనిని లెక్కగట్టి 1637లో ప్రకటించెను. పంచాంగము చూచువారికి ఇది సులభముగ బోధపడును. జూన్ 21 ప్రాంతమున సూర్యుడు ఉత్తరపు హద్దు చేరి మరలునపుడు, పెక్కు దినములు పగటి ప్రమాణము ఇంచుమించు ఒక్క తీరుననే యుండును. అట్లే కిరణము తగులు చోటు చినుకు నడుమనుండి అంచువైపు జరుగుకొలది, వచ్చిన త్రోవకును మరలిన త్రోవకును నడిమి కోణము పెరిగి, ఒక హద్దు చేరి, మరల తగ్గును. ఆ మలుపు కడ కిరణములు గుమిగూడును. ఆ హద్దు ఎఱుపునకు సుమారు 42, ఊదాకు సుమారు 40 డిగ్రీలు. కావుననే విల్లు వెలుపలి అంచు ఎఱుపు, లోపలి అంచు ఊదా.

ఈ కోణమును చూచువాని తలనీడ పడు దిక్కునుండి కొలువవలెను. ఆ దిక్కు చుట్టును సమకోణమున నున్న చినుకులన్నియు ఒక వలయము. క్రింది భాగము నేలకు మరుగగుటచే అది విల్లగుచున్నది. కావుననే ఉదయపు విల్లు పడమటను, సాయంకాలపు విల్లు తూర్పునను పొడసూపును. సూర్యుడు 42 డిగ్రీలకు మించి యెక్కినచో, చదునునేలపై నిలిచినవానికి ఆకసమున విల్లు కనబడదు. ఒకే గట్టుపై ఇద్దరు నిలిచినను ఎవరి చినుకులు వారివే, ఎవరి విల్లు వారిదే. దాని మొదలు చేరబోయినవానికి అది ఎన్నడును చిక్కకుండుట యిందువలననే.

వినినంతనే నమ్మ నక్కరలేదు. ఉదయపుటెండకు వీపుపెట్టి నిలిచి, ఎదుట నీటిని సన్నని తుంపరలుగ చల్లినచో, తలనీడ చుట్టును ఆ వన్నెలే కనబడును. పిల్లలచేత చేయించి చూపుడు.

పూర్వుల మాటనంతయు తలదాల్చుటయు, అంతయు త్రోసివేయుటయు రెండును సోమరితనమే. చదివి, పరీక్షించి, నిలిచినదానిని నిలుపుకొనుటయే వారికి చేయదగిన గౌరవము. ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయపు తలుపులు తెరచియుండుట అందులకే.