చార్మినార్ వీధిలో దీన్‌దయాళ్ కెమెరా

ఒక్క ఫోటో కోసం డేరా కూడా మోసుకెళ్ళాల్సిన రోజులవి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టాలి. తీసిన వెంటనే చీకటి డేరాలోకి దూరి పలకను కడగాలి. ఈ తంతంతా పది పదిహేను నిమిషాల్లో ముగియాలి. ఎండ మండుతుంటే ఆ గడువూ దక్కదు! రాజా దీన్‌దయాళ్ చేయి తిరిగింది ఇలాంటి పనిలోనే.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. 1874లో కెమెరా పట్టారు, అదీ సరదాకే. తర్వాత లెపెల్ గ్రిఫిన్ అనే ఆంగ్ల అధికారి ఆయన్ను వెంటబెట్టుకుని మధ్య భారతంలో గ్వాలియర్, ఖజురహో వంటి చోట్ల కట్టడాలను తీయించాడు. అయినా ఆయన అసలు గురువు నక్షాలు గీసిన బల్లే అనాలి. గోడ నిలువు తప్పకుండా, నీడ ఎటు పడాలో లెక్క చూసుకుని తీసే పద్ధతి అక్కడ అబ్బిందే.

1880ల నడుమ హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువుకు వచ్చారు. 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు దక్కింది. విందులు, వేటలు, మహళ్ళు తీయడం కొలువు పని. దానితో పాటే చార్మినార్ వీధులు, అఫ్జల్‌గంజ్ మసీదు, కరువు సహాయ పనుల దగ్గర గుమిగూడిన బీదజనం కూడా ఆయన పలకల మీదికెక్కారు. అప్పటికి పొడి పలకలు బజారులోకి వచ్చాయి. డేరా బరువు తప్పింది, ఫోటోకు పట్టే సమయమూ తగ్గింది. కదిలే మనిషి మరకగా కాక మనిషిగా నిలిచాడు. అలాగని ఈనాటి వీధి ఫోటోగ్రాఫర్లలా చాటుగా తీసే మనిషి కారాయన. కాళ్ళ మీద నిలబెట్టిన అంత పెద్ద కెమెరాను చూస్తే జనం ఆగి చూడరూ?

పరదా కుటుంబాల కోసం 1892లో నగరంలో జనానా స్టూడియో పెట్టారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల ఫోటోలు తీసింది కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనిత.

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన సంస్థకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. పుస్తకాల్లో ఎక్కువగా నవాబుల విందులే అచ్చవుతుంటాయి గానీ, పాతబస్తీ వాసులకు పనికొచ్చేవి వీధుల ఫోటోలే. ఏ కమాను పక్కన ఏముండేదో వాటిలో వెతుక్కోవచ్చు.