తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తూరి మన సంచిక కాగితం మీద కాకుండా ఫోన్‌లో వస్తా ఉంది. అందుకే నన్ను ఫోన్ గురించే నాలుగు మాటలు చెప్పమన్నారు. మనలో చానామందికి ఫోన్ అంటే సగం గూగులే. దారి అడిగేది దాన్నే, డబ్బు పంపేది దాంట్లోనే, చీరల ఫోటోలు దాచేదీ దాంట్లోనే. ఆ కంపెనీ మనకు ఏమిచ్చింది, ఇచ్చి ఏమి తీసేసింది, మనం ఏ జాగ్రత్త పడాల, ఈ మూడు సంగతులు చెప్పి కూర్చుంటాను.

మొదట మంచి చెప్పుకుందాం. మనది గడినాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, అంగట్లో రెండూ. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి పోయినప్పటి నుంచి మన చుట్టరికాలు రెండు రాష్ట్రాల్లో, రెండు లిపుల్లో నడుస్తున్నాయి. 2011 జూన్‌లో గూగుల్ అనువాదంలోకి తెలుగు, కన్నడ ఒక్కసారే వచ్చాయి. ఈరోజు కన్నడంలో వచ్చిన నోటీసును ఫోన్‌తో చూస్తే తెలుగులో భావం తెలుస్తుంది. రాయడం రాని అవ్వ నోటితో చెప్తే అక్షరాలు వాటంతటవే పడతాయి. 2017 సెప్టెంబరులో తేజ్ అనే పేరుతో వచ్చి, మరుసటేడు ఆగస్టులో గూగుల్ పే అయిన యాప్ వల్ల, సరుకు పంపి డబ్బుకోసం బస్సెక్కే పని తగ్గింది. మ్యాప్‌లో మన అంగడి పేరు పెట్టుకునేదానికి పైసా ఖర్చు లేదు. ఇవన్నీ నిజంగా మేలే. వాడొద్దని నేను చెప్పను.

అయితే ఇంకో లెక్క కూడా చూడాల. ఆర్కుట్ గుర్తుందా? మన పిల్లకాయలు మొట్టమొదట చుట్టాలనూ స్నేహితులనూ కంప్యూటర్‌లో వెతుక్కున్నది దాంట్లోనే. 2014 సెప్టెంబరు 30న మూసేశారు. గూగుల్ ప్లస్ అని ఇంకోటి తెచ్చారు. మామూలు జనానికి అదీ 2019 ఏప్రిల్ 2తో సరి. ఫోటోలు ఎన్నయినా పెట్టుకోండి, ఉచితం అన్నారు. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించే ప్రతి ఫోటో 15 జీబీ లెక్కలోకి వస్తుందన్నారు. ఆ 15 జీబీ ఫోటోలకు ఒక్కదానికే కాదు. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు, మూడింటికీ కలిపి. అది నిండితే కొత్త ఫోటో ఎక్కదు, కొత్త మెయిల్ రాదు. ఆర్డరు మెయిల్‌లో వస్తుందని కాచుకున్నోళ్ళకు అది రాలేదనే సంగతి కూడా తెలియదు.

అంగళ్ళ సంగతి చూడండి. మ్యాప్‌లో పేరు పెట్టుకున్న చిన్న వ్యాపారులకు గూగుల్ ఒక చిన్న వెబ్‌సైట్ ఉచితంగా కట్టిచ్చేది. చానామంది ఆ చిరునామానే విజిటింగ్ కార్డు మీద, సంచి మీద అచ్చేయించుకున్నారు. 2024 మార్చిలో అవన్నీ ఆపేశారు. జూన్ 10 దాకా ఆ చిరునామా కొడితే మ్యాప్‌లోని అంగడి పేజీకి పంపారు, ఆ తర్వాత అదీ లేదు. అదే ఏడు జూలై 31న మ్యాప్‌లో కొనేవాళ్ళతో మాట్లాడే చాట్ కూడా తీసేశారు. సంచులు మాత్రం మన ఇంట్లోనే మిగిలినాయి.

దీన్ని మోసం అని నేను అనను. ముందే చెప్పి తీసేశారు. కానీ చెప్పింది ఇంగ్లీషు మెయిల్‌లో, మనం ఎప్పుడూ తెరవని డబ్బాలో. మనకు ఈ లెక్క కొత్త కాదు. కూలి మగ్గానికీ సొంత మగ్గానికీ తేడా మన ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. షావుకారు మగ్గం మీద నేసినన్నాళ్ళు కూలి వస్తుంది, అన్నం తింటాం. రేపు ఆయన మగ్గం తీసేసుకుంటే అడగలేం. ఉచిత సేవ కూడా అంతే. నెయ్యండి, కానీ ఇంటి పడుగు మొత్తం అక్కడే వదిలి రావద్దు.

ఇందులో మన ఇంటికి నష్టం యాడ వస్తుందంటారా? ముందు డిజైన్ అంటే గ్రాఫ్ కాగితం, జకార్డు అట్టలు. అటక మీద కట్టలు కట్టి పెట్టేవాళ్ళం. ఎలుక కొరికితే తప్ప పోయేవి కాదు. ఇప్పుడు అంచు, కొంగు, బుటా అన్నీ ఫోటోలే. ఎవరికి ఏ చీర ఏ ధరకు పంపామో, కొనేవాళ్ళ నంబర్లు, అన్నీ ఒక ఖాతాలో. ఆ ఖాతా ఎవరిది? నాయన పేరు మీద ఫోన్ అంగడి అబ్బాయి తెరిచి ఇచ్చింది. పాస్‌వర్డ్ ఆ అబ్బాయికే తెలుసు, లేకుంటే ఎవరికీ తెలియదు. నాయన పోతాడు. ఫోన్ పెట్టెలో పెడతాం. రీచార్జి చెయ్యం. కొన్నాళ్ళకు ఆ నంబరు కంపెనీవాళ్ళు ఇంకొకరికి ఇస్తారు. ఇంక ఓటీపీ మన ఇంటికి రాదు.

దీనికి తోడు ఇంకో నియమం ఉంది. రెండేళ్ళు వాడని సొంత ఖాతాలను, లోపలున్న మెయిళ్ళు, ఫోటోలతో సహా తీసేస్తామని గూగుల్ 2023 మేలో ప్రకటించింది. ఆ డిసెంబరు నుంచి అమలు మొదలైంది. తీసే ముందు మెయిల్ పంపుతారు, నిజమే. అది పోయేది నాయన మెయిల్‌కు, ఆయన ఇచ్చిన ఇంకో మెయిల్ ఏదైనా ఉంటే దానికి. సంవత్సరీకం రెండోసారి పెట్టినాక ఆయన ముప్పై ఏళ్ళ పనితనం పోవచ్చు. ఇల్లు కాలినట్టు కనబడదు, పొగ రాదు, అందుకే మనకు తెలియదు.

మరి ఏం చెయ్యాల? దారి మన పెద్దలే చూపించారు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు ఆ ఊరు ఆనాటి బళ్ళారి జిల్లాలోనే ఉంది. సహకార సంఘం నడిచే తీరు ఏమి? మినిట్స్ పుస్తకం, సభ్యుల పట్టిక సంఘం బీరువాలో ఉంటాయి. బ్యాంకు చెక్కు మీద ఒక్కరి సంతకం చాలదు. అధ్యక్షుడు మారినా పుస్తకం మారదు. ఆ పద్ధతినే ఫోన్‌లోకి తెచ్చుకుంటే చాలు.

మొదటిది, అంగడికి, సొసైటీకి వేరే ఖాతా తెరవండి. ఒక మనిషి సొంత మెయిల్‌తో కలపొద్దు. మ్యాప్‌లో అంగడి పేజీకి ఒకరే యజమానిగా ఉండనక్కర్లేదు. ఇంకొకరిని కూడా యజమానిగా, మేనేజరుగా చేర్చొచ్చు. దీనికీ ఖర్చు లేదు.

రెండోది, ప్రతి ఖాతాలో రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ అనే గళ్ళు ఉంటాయి. అక్కడ కొడుకుదో కూతురుదో నంబరు పెట్టండి. కూతురు అన్నాను, గుర్తుపెట్టుకోండి. లెక్కలు ఇంట్లో ఎక్కువగా చూసేది ఆడపిల్లలే.

మూడోది, 2013 నుంచి గూగుల్‌లోనే ఒక ఏర్పాటు ఉంది. నేను ఇన్ని నెలలు ఖాతా తెరవకపోతే ఫలానావాళ్ళకు తెలియజెయ్యి, నా ఫోటోలు, ఫైళ్ళు వాళ్ళకు ఇవ్వు అని ముందే చెప్పి పెట్టొచ్చు. 3 నెలల నుంచి 18 నెలల దాకా గడువు మనమే పెట్టుకోవచ్చు. 10 మంది పేర్ల దాకా రాయొచ్చు. ఒక రకంగా వీలునామా లాంటిదే. పెద్దవాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తడానికి బిడియపడొద్దు.

నాలుగోది, ఏడాదికోసారి అంతా దింపుకోండి. టేకవుట్ అనే చోట మన ఫోటోలు, మెయిళ్ళు మొత్తం మూట కట్టి ఇస్తారు. ఒక హార్డ్ డిస్క్‌లో వేసి, కొత్త డిజైన్లు కాగితం మీద కూడా అచ్చు తీసి, తేదీ, నేసినవాళ్ళ పేరు రాసి పెట్టండి. రేపు ఎవరైనా ఆ బుటా మాదే అని వస్తే, చూపించేదానికి మన దగ్గర కాగితం ఉంటుంది.

ఇంకో హెచ్చరిక. గూగుల్ నుంచి మాట్లాడతాన్నాం, డబ్బు కట్టకపోతే మీ అంగడిని మ్యాప్‌లోంచి తీసేస్తాం అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఆ పేజీ ఉచితం. డబ్బు మనకు రావాలంటే పిన్ కొట్టే పని లేదు. పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోతా ఉందని అర్థం. ఓటీపీ అడిగితే చుట్టమైనా చెప్పొద్దు.

చివరిగా కార్యవర్గానికి ఒక విన్నపం. ఈ సంచిక కూడా ఒక లింకు మీదే మన చేతికి వస్తా ఉంది. ఆ లింకు ఏ ఖాతాలో ఉంది, ఆ ఖాతా తాళంచెవి ఎంతమంది దగ్గర ఉంది అనేది ఈరోజే మినిట్స్‌లో రాయించండి. ఇద్దరికి తగ్గకుండా ఉండాల, కార్యవర్గం మారినప్పుడు పుస్తకాలతో పాటు అదీ అప్పజెప్పాల. పది ప్రతులైనా కాగితం మీద అచ్చేయించి సమాఖ్య ఆఫీసులోనూ, ఒక్కొక్క ఊరి సొసైటీలోనూ పెట్టించండి. ఇందులో మన పెద్దల ఫోటోలున్నాయి, పోయినవాళ్ళ పేర్లున్నాయి. అవి ఉండాల్సింది మన బీరువాలో. ఫోన్‌లో ఉండేది నకలు.

సభ అయినాక అరుగు దగ్గర కూర్చుంటాను. రికవరీ నంబరు పెట్టుకోవాలనుకునేవాళ్ళు ఫోన్ తీసుకుని రండి, మన కాలేజీ పిల్లలు సాయం చేస్తారు. పాస్‌వర్డ్ మాత్రం మీరే కొట్టండి, ఎవరికీ చెప్పొద్దు.