కుట్టుమిషన్‌తో పాటు ఆ చేతులనూ చూద్దాం

పెద్దలారా, దాతలారా!

మీ జకాత్, సదకా సొమ్ముతో కుట్టుమిషన్లు అందుకున్న కొత్తగూడ అక్కచెల్లెళ్లను పలకరిస్తే, వాళ్లు చెప్పిన మాట ఒకటే: "నడిరాత్రి చేతులు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది." పత్తి, మిర్చి ఏరే కూలీలదీ ఇదే బాధ.

మణికట్టులో నరం నొక్కుకుంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారతాయి. మోచెయ్యి మడిచి పడుకుంటే చిటికెనవేలు. రాత్రిపూట మణికట్టును వంగనివ్వని పట్టీ కట్టుకుంటే చాలామందికి నిమ్మళిస్తుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించి షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యి పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

చేతులు బాగుంటేనే మిషన్ నడుస్తుంది, ఇల్లు గడుస్తుంది. ఈ ఏడు ప్రతి మిషన్‌కూ ఒక పట్టీ, పరీక్షల ఖర్చు జోడించమని కోరుతున్నాం.