నీరు పైనుంచి పొర్లకుండానే తెగిన కట్ట

అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో ఈడెన్‌విల్ మట్టికట్టను 1920లలో కట్టారు. దాని వెనక నిలిచిన నీరే విక్సమ్ సరస్సు. కట్ట యజమాని ఓ ప్రైవేటు కంపెనీ. ఆ నీటితో కరెంటు తీసి అమ్ముకునేది.

పెద్ద వరదొస్తే అలుగులు చాలవని కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. పనులు మాత్రం కాలేదు. 2018లో కరెంటు లైసెన్సు రద్దయింది, పర్యవేక్షణ రాష్ట్రానికి మారింది. లైసెన్సు పోయినంత మాత్రాన కట్ట గట్టిపడదు కదా!

2020 మే 19. భారీ వానలకు సరస్సు ఎన్నడూ లేనంతగా నిండింది. అయినా నీరు కట్ట మీదుగా పొర్లలేదు. ఆ సాయంత్రం తీసిన ఒక వీడియోలో గడ్డి మొలిచిన దిగువ వాలు ఉన్నట్టుండి జారిపోవడం కనిపిస్తుంది. క్షణాల్లో గండి పడింది.

దోషం లోపలి ఇసుకదని 2022లో నిపుణుల బృందం తేల్చింది. కట్టేటప్పుడు సరిగా దిమ్మిస కొట్టని వదులు ఇసుక, నీరు పట్టి, ఒత్తిడికి ద్రవంలా పారింది. పైపైన చూసిపోయే తనిఖీకి ఇలాంటిది దొరకదు. బోరు వేసి మట్టి నమూనాలు తీయాలి, కట్ట లోపల నీటిమట్టం కొలవాలి. ఆ ఖర్చుకు వెనకాడే యజమాని దిగువనున్న ఊళ్లను పణంగా పెడుతున్నట్టే.

ఆ గండి నుంచి వచ్చిన వరదకు కిందనున్న శాన్‌ఫర్డ్ కట్టా తెగింది, మిడ్‌లాండ్ పట్టణంలో కొంత భాగం మునిగింది. సుమారు 10,000 మందిని ముందే ఖాళీ చేయించడంతో ఒక్క ప్రాణమూ పోలేదు. తర్వాత ఆ కట్టలను స్థానిక కౌంటీలు స్వాధీనం చేసుకున్నాయి. పునర్నిర్మాణ ఖర్చులో పెద్ద వాటా సరస్సు ఒడ్డున ఇళ్లున్నవారి మీద పడింది.